నామినల్ అని వదిలేసిన పెట్టెలు: ఒక హెచ్‌ఆర్‌ఏ టూల్ మీద యూజర్ ఫీడ్‌బ్యాక్ కేస్ స్టడీ

ఒకే సీను, మనిషి పొరబడే ఛాన్స్ లెక్కగట్టే ఒకే టూలు, ఏడుగురు మనుషులు. ఒకరికి 0.0005 వచ్చింది, ఇంకొకరికి 0.168 వచ్చింది. అంటే ఒకరి లెక్కలో కంట్రోల్ రూమ్ వాళ్లు రెండు వేల సార్లకి ఒక్కసారి పొరబడతారు, ఇంకొకరి లెక్కలో ఆరు సార్లకి ఒకసారి. మూడొందల రెట్లకి పైనే తేడా. ఆ ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా రూమ్‌లో బోర్డు మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసుకున్నాక నాకు నిజంగా భయమేసింది, ఎందుకంటే ఆ టూల్ తయారుచేసింది నేనే, ఫార్ములాలు నాలుగుసార్లు చెక్ చేసుకున్నా, లెక్క ఎక్కడా తప్పు లేదు.

ఆ టూల్ మీద వచ్చిన ఫీడ్‌బ్యాక్ మొత్తం ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటది, కానీ ఈ ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లకీ కొత్తగా నేర్చుకునే పిల్లలకీ పనికొస్తదని వివరంగానే పెడుతున్నా.

హెచ్‌ఆర్‌ఏ అంటే హ్యూమన్ రిలయబిలిటీ ఎనాలిసిస్. రియాక్టర్ సేఫ్టీ లెక్కల్లో పంపు ఫెయిలయ్యే ఛాన్స్ ఎంత, డీజిల్ జనరేటర్ స్టార్ట్ కాకపోయే ఛాన్స్ ఎంత అని వేస్తారు కదా, అట్టాగే మనిషి చెయ్యాల్సిన పని టైంకి చెయ్యలేకపోయే ఛాన్స్ ఎంత అని కూడా వెయ్యాలి. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ న్యూక్లియర్ ప్లాంట్ ప్రమాదం జరిగాక అది ఎందుకు వెయ్యాలో ఎవరికీ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. 1983లో ఈ లెక్కలు వేసే థెర్ప్ అనే పద్ధతి మీద స్వెయిన్, గట్‌మన్ అనే ఇద్దరు రాసిన హ్యాండ్‌బుక్ వచ్చింది, లావాటి పుస్తకం, నిండా టేబుళ్లే. అంత పని లేకుండా త్వరగా వేసుకోడానికి వీలుగా 2005లో ఐడహో నేషనల్ లాబొరేటరీ వాళ్లు అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ కోసం స్పార్-హెచ్ అనే పద్ధతి డాక్యుమెంట్ ఇచ్చారు, దాని నంబరు న్యూరెగ్ సీఆర్ 6883. మేం చేసింది దాన్ని ఎక్సెల్‌లో పెట్టడం, ట్రైనింగ్ కోసం.

స్పార్-హెచ్ పద్ధతి చూడ్డానికి చాలా తేలిక. జరిగింది ఏంటో కనిపెట్టడం ఒక పని, అది డయాగ్నసిస్, దానికి మొదలు అంకె 0.01. కనిపెట్టాక చేతులతో చెయ్యడం యాక్షన్, దానికి 0.001. ఆ అంకెని ఎనిమిది అంశాలతో గుణిస్తాం: ఉన్న టైం, స్ట్రెస్, కాంప్లెక్సిటీ, అనుభవం-ట్రైనింగ్, ప్రొసీజర్లు, ప్యానెల్ ఎట్టా ఉంది, డ్యూటీకి వచ్చిన మనిషి ఫిట్‌గా ఉన్నాడా, అక్కడి పని పద్ధతులు. బాగుంటే ఒకటి కంటే తక్కువ, బాగోకపోతే ఎక్కువ, మామూలుగా ఉంటే నామినల్, అంటే ఒకటి. ఒకటితో గుణిస్తే అంకె ఏం మారదు, అసలు గొడవంతా ఈ ఒకటి దగ్గరే వచ్చింది.

కూర్చున్న ఏడుగురిలో న్యూక్లియర్ ప్లాంట్లో షిఫ్ట్ ఇంజినీర్‌గా చేసి రిటైరై గుంటూరులో సెటిలైన పెద్దాయన ఒకరు, మా అందరికీ బాబాయ్ గారు. ఒక థర్మల్ ప్లాంట్ డెస్క్ ఇంజినీరు, నాకంటే రెండేళ్లు చిన్న. విజయవాడ నుంచి పొద్దున్నే ట్రైనెక్కి వచ్చిన ఎంటెక్ అమ్మాయి, ఆమె క్లాస్‌మేట్లు ఇద్దరు. ఒక కెమికల్ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు. నాతోపాటు పనిచేసే అతను. న్యూక్లియర్ వాళ్లు ఒక్కరేనా అని అడగొచ్చు, అవును ఒక్కరే, ఇది చిన్న ట్రయల్, దీంట్లోంచి స్టాటిస్టిక్స్ తీసే ఉద్దేశం నాకు మొదట్నుంచీ లేదు, టూల్ ముందు కూర్చున్న మనిషి ఎక్కడ ఆగుతున్నాడు, ఎక్కడ ఆగకుండా దాటేస్తున్నాడు అనేది చూడాలి, అంతే.

సీను ఇదీ. ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లో ఒక స్టీమ్ జనరేటర్ లోపల ట్యూబ్ పగిలింది. రియాక్టర్లో తిరిగే ప్రైమరీ నీళ్లు టర్బైన్‌కి ఆవిరి పంపే సెకండరీ వైపు వస్తున్నాయి. ఏ జనరేటర్లో పగిలిందో కనిపెట్టి దాన్ని ఐసొలేట్ చెయ్యాలి, అంటే వాల్వులు మూసి మిగతావాటి నుంచి విడగొట్టాలి, అది నిండిపోయి నీళ్లు స్టీమ్ లైన్లోకి ఎక్కేలోపు. మొత్తం 40 నిమిషాలు ఉన్నాయని, ఐసొలేట్ చేసే పనికి 15 నిమిషాలు పడతదని మేం రాసి ఇచ్చాం, ప్రాక్టీసు కోసం అనుకున్న అంకెలు, ఏ ప్లాంటువీ కావు. ఇంకో ముక్క కూడా పెట్టాం: ఆ లైను మీదున్న రేడియేషన్ మానిటర్ మెయింటెనెన్స్‌లో ఉంది, ట్యాగ్ కట్టారు, ప్యానెల్ మీద మాత్రం సున్నా చూపిస్తా ఉంది.

0.0005 వేసింది ఎంటెక్ కుర్రాడు. రెండున్నర నిమిషాల్లో అయిపోయింది అతనికి. టైం దగ్గర "ఎక్స్‌ట్రా" నొక్కాడు, 0.1. ప్రొసీజర్ లక్షణాల్ని బట్టి నడిపించేది కాబట్టి 0.5. మిగతా ఆరూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే ఏముంది వాటిల్లో? నామినల్. ఎందుకంటే షీటు తెరిచేటప్పటికే అన్నిట్లో నామినల్ పెట్టి ఉంచింది నేను, యూజర్‌కి సుఖంగా ఉంటదని.

బాబాయ్ గారికి నలభై నిమిషాలు పైనే పట్టింది. మధ్యలో టీ వచ్చి చల్లారిపోయింది. ఆయన స్ట్రెస్ హై అని 2 పెట్టారు, కాంప్లెక్సిటీ 2, ప్యానెల్ బాగాలేదని 10, ప్రొసీజర్ 0.5. గుణిస్తే 20. చెడ్డవి మూడు అయ్యాయి కాబట్టి స్పార్-హెచ్ రూలు ప్రకారం ఒకటి దాటకుండా సర్దే ఫార్ములా పడుద్ది, అది వేస్తే 0.168.

మొదట టైం సంగతి. కుర్రాడు 40 నిమిషాలూ ఆలోచించుకోడానికే ఉన్నాయి అనుకున్నాడు. డయాగ్నసిస్‌లో ఎక్స్‌ట్రా టైం అనాలంటే మామూలుగా కావాల్సిన దానికంటే ఎక్కువ ఉండాలి, పైగా 30 నిమిషాలు దాటాలి. 40 దాటింది కదా, నొక్కేశాడు. బాబాయ్ గారు ఏమన్నారంటే, "అబ్బాయ్, వాల్వులు నీ ఆలోచన అయిపోగానే వాటంతట అవే మూసుకుంటాయా? ఆ 15 తీసెయ్, 25 మిగిలినయ్." 25 అంటే 30 లోపే, ఎక్స్‌ట్రా కాదు, నామినల్. ఒక్క తీసివేత మర్చిపోతే జవాబు పది రెట్లు మారింది. తప్పు కుర్రాడిది అని నేను అనను. మా టూల్‌లో టైం కోసం ఉన్నది ఒక్కటే పెట్టె, తీసెయ్యాలని ఎక్కడా అడగలేదు, డాక్యుమెంట్ చదివినవాడికే తెలుస్తది, టూల్ ఉందని డాక్యుమెంట్ చదవటం మానేసేవాళ్లే ఎక్కువ.

రెండోది ఆ సున్నా చూపించే మానిటర్. దీని మీద గంట సేపు మాట్లాడుకున్నాం, ఆ రోజుకి అదే అన్నిటికంటే విలువైన గంట. సేఫ్టీ ఆఫీసర్ గారు ట్యాగ్ కట్టి ఉంది కదా, ఆపరేటర్‌కి తెలుసు, నామినల్ అన్నారు. డెస్క్ ఇంజినీరు ఒప్పుకోలేదు. అతను చెప్పింది అలాగే రాస్తున్నా: "అన్నా, పనిచేసే మీటర్ సున్నా చూపించినా, చచ్చిన మీటర్ సున్నా చూపించినా చూడ్డానికి ఒకటేగా ఉంటది. ఎల్‌సీ (లైన్ క్లియర్, రిపేరు పనికి ఇచ్చే పర్మిట్) ఇచ్చింది పొద్దుటి షిఫ్టు, ట్రిప్ (ప్లాంట్ ఉన్నట్టుండి ఆగటం) వచ్చింది నైట్ షిఫ్టులో. అలారాలు మోగుతుంటే ట్యాగ్ చదువుతారా, ముల్లు చూస్తారా?" త్రీ మైల్ ఐలాండ్‌లో జరిగింది దాదాపు ఇలాంటిదే. ప్రెషరైజర్ (రియాక్టర్ నీళ్ల ప్రెషర్ నిలిపే ట్యాంకు) పైన రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది, ప్యానెల్ మీద లైటు మాత్రం ఆరిపోయింది, ఆ లైటు చూపించేది వాల్వు మూసుకుందా లేదా అని కాదు, మూసుకోమని సిగ్నల్ వెళ్లిందా లేదా అని. లైటు ఆరింది కాబట్టి మూసుకుందనుకున్నారు. అదే దారిని మూసే ఇంకో వాల్వు, బ్లాక్ వాల్వు, మూసేసరికి రెండు గంటల పైన పట్టింది. ట్యాగుల మాట కూడా అక్కడ ఉంది, ఆక్సిలరీ ఫీడ్‌వాటర్ వాల్వులు మూసి ఉన్నాయని చూపించే లైట్లలో ఒకదాన్ని వేలాడుతున్న మెయింటెనెన్స్ ట్యాగే కప్పేసింది.

స్పార్-హెచ్‌లో ప్యానెల్ తప్పుదారి పట్టిస్తే 50, బాగోకపోతే 10. మరి ఇది 50 ఎందుకు కాదు అని ఎంటెక్ అమ్మాయి అడిగింది. బాబాయ్ గారి జవాబు, స్టీమ్ జనరేటర్ లెవెల్ పెరగటం వేరే మీటర్లో కనపడతానే ఉంటది, ఒక దారి మూసుకుపోయినా ఇంకో దారి ఉంది, అందుకని 10 అన్నారు. ఈ వాదన నాకు నచ్చింది. అది నచ్చిందా లేదా అన్నది కూడా పక్కన పెడితే, ఈ వాదన అంతా మా టూల్‌లో రాసుకోడానికి చోటే లేదు. 10 అనే అంకె మిగులుద్ది, దాని వెనకాల గంట మాట గాల్లో కలిసిపోద్ది. రేపు ఇంకొకరు ఆ షీటు తెరిస్తే 10 ఎందుకో వాళ్లకి తెలిసే మార్గం లేదు.

నామినల్ అనే మాట మీదకి వస్తా. స్పార్-హెచ్ వర్క్‌షీట్లో నామినల్ కాకుండా ఇంకో ఆప్షన్ కూడా ఉంది, సమాచారం చాలదు అని. దానికీ గుణకం ఒకటే. లెక్క మారదు కదా అని నేను ఆ రెండిటినీ కలిపేసి డ్రాప్‌డౌన్ చిన్నది చేశాను. ఇప్పుడు అనిపిస్తది అది ఈ టూల్‌లో నేను చేసిన అతి పెద్ద పొరపాటు అని. "నేను చూశాను, మామూలుగానే ఉంది" అనటం వేరు, "నాకు తెలీదు" అనటం వేరు, "నేను అసలు ఈ ప్రశ్న చదవలేదు" అనటం ఇంకా వేరు, మూడూ ఒకే పెట్టెలో ఒకే మాటగా కూర్చుంటే రివ్యూ చేసేవాడు ఏం పట్టుకోవాలి? ఏడుగురి షీట్లూ ముందేసుకుని ఒక్కొక్క నామినల్ దగ్గర "దీన్ని మీరు చూసి పెట్టారా, వదిలేశారా" అని నోటితో అడిగాను. బాబాయ్ గారు తప్ప మిగతా అందరూ సగానికి పైగా వదిలేసినవే అని ఒప్పుకున్నారు. నాతో పనిచేసే అతను కూడా.

ఎంటెక్ అమ్మాయి ఇంకోటి పట్టుకుంది, అది మాత్రం నేను ఊహించనిది. సీను పక్కన పెట్టి ఊరికే అంకెలు మారుస్తా కూర్చుంది. ప్యానెల్ తప్పుదారి 50, కాంప్లెక్సిటీ ఎక్కువ 5, మిగతావి ఒకటి. 0.01 ఇంటూ 250, 2.5. ప్రాబబిలిటీ ఒకటి దాటదు కాబట్టి టూల్ 1 దగ్గర కోసేసింది. తర్వాత స్ట్రెస్ హై కూడా పెట్టింది, ఇంకో 2. ఇప్పుడు చెడ్డవి మూడు, సర్దే ఫార్ములా మొదలైంది, జవాబు 0.835. "అన్నా, స్ట్రెస్ పెరిగితే మనిషి ఇంకా బాగా పనిచేస్తున్నాడు, ఇదేంటి?" అంది. నా ఫార్ములాలో బగ్ ఉందనుకుని ఆ రాత్రి ఇంటికెళ్లాక కాగితం మీద చేత్తో వేశాను, అంతే వచ్చింది. రూలే అట్టా ఉంది: చెడ్డవి రెండు అయితే మామూలు గుణకారం, మూడో అంతకంటే ఎక్కువో అయితేనే సర్దుబాటు, ఆ గట్టు దగ్గర అంకె కిందికి దూకుద్ది. రూలు నేను మార్చలేదు, మార్చితే అది స్పార్-హెచ్ కాదు. కాకపోతే ఇప్పుడు అట్టాంటి చోట పసుపు రంగు వరస ఒకటి వస్తది, రెండు లెక్కలూ పక్కపక్కన చూపించి ఎందుకు తేడా వచ్చిందో చెబుద్ది.

డెస్క్ ఇంజినీరు చెప్పినదాంట్లో నన్ను బాగా కదిలించింది ఫిట్‌నెస్ పెట్టె గురించి. అతను దాన్ని చూసి కావాలనే నామినల్ పెట్టాడు, వదిలెయ్యలేదు. ఎందుకంటే? "మూడో నైట్ షిఫ్టులో మనిషి ఎట్టా ఉంటాడో నాకు తెలుసు. కానీ డిగ్రేడెడ్ అని రాస్తే ఆ కాగితం ఎక్కడికి వెళ్తదో తెలీదు. రేపు ఏమన్నా అయితే ముందే రాశాడుగా అంటారు." షీటు పైన హెడ్డింగ్ ఏముందో అప్పుడు చూసుకున్నా: ఆపరేటర్ ఎర్రర్ ప్రాబబిలిటీ. ఆ హెడ్డింగ్ చూస్తే ఎవరికైనా ఇది నేరం లెక్కగట్టే కాగితం అనిపిస్తది. ఈ ఫీల్డ్‌లో సరైన మాట హ్యూమన్ ఫెయిల్యూర్ ఈవెంట్, అంటే జరగాల్సిన పని జరగలేదు అనే సంఘటన, దానికి టైమూ, ప్యానెలూ, ప్రొసీజరూ, మనిషీ అన్నీ కారణాలే. హెడ్డింగ్ ఆ రోజే మార్చాను. హెడ్డింగ్ మారితే చాలదని కూడా తెలుసు, ఆ పెట్టెలో ఇప్పుడు ఫలానా మనిషి గురించి కాకుండా షిఫ్ట్ రోస్టర్ గురించి అడుగుతున్నాం: ఈ పని పడే సమయానికి వరసగా ఎన్నో నైట్ షిఫ్టు, ఎన్ని గంటలు అయ్యింది అని.

డిపెండెన్సీ గురించి కొంచెమే చెప్తా. మొదటి పని తప్పితే రెండో పని తప్పే ఛాన్స్ పెరుగుద్ది, అదే క్రూ, వెంటనే, అక్కడే అయితే ఇంకా. నా షీట్లో అది కూడా ముందే "జీరో" పెట్టి ఉంది. రెండు తప్పులూ 0.01 అయితే విడివిడిగా గుణిస్తే పదివేలకి ఒకటి. హై డిపెండెన్సీ అయితే రెండోది 0.505 అవుద్ది, రెండూ కలిపి దాదాపు రెండొందలకి ఒకటి. యాభై రెట్లు. ఏడుగురిలో ఒక్కరు కూడా ఆ జీరోని ముట్టుకోలేదు, బాబాయ్ గారితో సహా, ఎందుకంటే అది రెండో ట్యాబ్‌లో ఉంది.

ఇక తేలనిది ఒకటి ఉండిపోయింది. బాబాయ్ గారు ఉత్తరప్రదేశ్‌లోని నరోరా న్యూక్లియర్ ప్లాంట్ సంగతి తీశారు. 1993 మార్చి 31 తెల్లవారుజామున యూనిట్ 1 టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ లీకై మంటలొచ్చి, కేబుళ్లు కాలిపోయి, దాదాపు 17 గంటలు ఆ యూనిట్ మొత్తానికి కరెంటు లేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగొచ్చింది. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ బిల్డింగ్ పైకెక్కి, బోరాన్ కలిపిన నీళ్లు రియాక్టర్లోకి దిగేట్టు వాల్వులు చేత్తో తిప్పారు. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో స్టీమ్ జనరేటర్లకి నీళ్లు పెట్టారు. "మీ ఎనిమిది పెట్టెల్లో ఆ మెట్లు ఎక్కడ రాయాలి?" అని అడిగారు. పొగని స్ట్రెస్‌లో వెయ్యొచ్చు, చీకటిని ప్యానెల్ వైపు వెయ్యొచ్చు, మెట్లెక్కే టైం యాక్షన్ టైంలో కలపొచ్చు. అన్నీ ఎక్కడో ఒకచోట పట్టించొచ్చు, కానీ ఆ మనుషులు అప్పుడు అది చెయ్యాలని ఎట్టా అనుకున్నారు అనేది, ప్లాంటుని కాపాడిన ఆ పని, తప్పులు లెక్కపెట్టే షీట్లో ఎక్కడా పట్టదు. నా దగ్గర జవాబు లేదు. నోట్స్ పెట్టె ఒకటి ఖాళీగా, పెద్దగా ఇచ్చాను, అంతవరకే చెయ్యగలిగా.

కొత్త వెర్షన్‌లో ముఖ్యంగా మారింది మొదటి పేజీ. ఏ పెట్టెలోనూ ముందుగా ఏమీ ఉండదు. నామినల్ పెట్టాలన్నా ఒక వాక్యం కారణం తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయాల్సిందే, రాయకపోతే అంకె రాదు. తెలీదు అనేది వేరే ఆప్షన్, అది పెడితే చివర్లో ఎన్ని తెలీదులు ఉన్నాయో అంకె పక్కనే కనపడుద్ది. టైం మూడు పెట్టెలు: మొత్తం ఎంత, చేతి పనికి ఎంత, మిగిలింది టూలే తీసి చూపిస్తది. డిపెండెన్సీ మొదటి పేజీలోకి వచ్చేసింది.

మూడు వారాల తర్వాత అదే ఏడుగురు, అదే సీను. ఈసారి తక్కువ 0.05, ఎక్కువ 0.168, మూడు రెట్లకి కొంచెం పైన. దీన్ని నేను టూల్ గొప్పతనం అని చెప్పను, వాళ్లు ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నారు, మానిటర్ సంగతి అందరికీ గుర్తుంది, కాబట్టి ఈ తగ్గుదలలో టూల్ వాటా ఎంత, ఆ గంట మాట వాటా ఎంత అని విడదీయలేను. కొత్తవాళ్లతో చెయ్యాలి. ఇప్పటికీ స్ట్రెస్ దగ్గర ఇద్దరు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవటానికి వాళ్లు రాసిన కారణాలు ఇప్పుడు చదవొచ్చు, అది మాత్రం ముందు లేదు. ఒక కంప్లైంట్ కూడా వచ్చింది, టైం చాలా పడుతుందని. నిజమే, రెండున్నర నిమిషాల పని అరగంట అయ్యింది. దాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు.

పోయిన వారం డెస్క్ ఇంజినీరు ఫోన్ చేశాడు. తన ప్లాంట్లో బాయిలర్ డ్రమ్ లెవెల్ పడిపోయే సీను ఒకటి సొంతంగా నింపుకుంటున్నాడంట. ప్యానెల్ పెట్టె దగ్గర కారణం రాయలేక ఆగిపోయాడు, ఆ మీటరు ఏ వరసలో ఉందో, కుర్చీలోంచి కనపడుద్దో లేదో గుర్తు రాలేదు, పదకొండేళ్లుగా ఆ డెస్క్ మీదే కూర్చుంటున్నాడు. నైట్ షిఫ్టులో లేచి వెళ్లి చూశాడు. కుర్చీలోంచి కనపడట్లేదు అన్నా, లేచి నాలుగు అడుగులు వెయ్యాలి, పక్కన ప్రింటర్ స్టాండు అడ్డం వస్తుంది అన్నాడు. పెట్టెలో అదే రాయమన్నా.